ఆ అబ్బాయికి దొరికినదేమి?



పదవ తరగతి ఫలితాలు వచ్చిన వారములో ప్రతి సంవత్సరము కొందరు తలిదండ్రులు మా యొద్దకు వస్తారు. "అయ్యగారూ, మావాడిని బైపీసీలో వేయమంటారా, ఎంపీసీలో వేయమంటారా?" అని అడుగుతారు. పిల్లవాడు ప్రక్కనే నిలువబడి ఉంటాడు గాని నోరు విప్పడు. "నీకు ఏమి తెలిసికోవాలని ఉంది నాయనా?" అని మేము అడిగితే తల్లి ముఖము చూస్తాడు. పది సంవత్సరములు బడికి వెళ్లిన బిడ్డను ఆ మాట మునుపెన్నడును ఎవరూ అడిగియుండరు. మార్కులెన్ని అని అడిగాము, ర్యాంకు ఎంత అని అడిగాము, ఫీజు కట్టాము. తెలిసికోవాలనే ఆకలి బిడ్డలో ఉన్నదో లేదో చూచుటకు మనకు తీరిక దొరకలేదు.

అందుచేత ఈ నెల, ఆ ఆకలి ఉన్న ఒక అబ్బాయి సంగతి మీ ముందు పెట్టదలచాము. ఆ అబ్బాయి హైస్కూలులో ఉండగానే పెద్ద వైద్య ప్రయోగశాలలో అడుగుపెట్టి క్యాన్సరుపై పరిశోధన చేశాడు. లోకమంతా చప్పట్లు కొట్టింది. తరువాత కొందరు నిపుణులు "కొంచెము ఆగండి" అన్నారు. చప్పట్ల కథ మీలో కొందరు వినియే ఉంటారు. ఆగండి అన్న కథ వినినవారు తక్కువ. రెండును కలిపి చదివితేనే మన పిల్లలకు మేలు.

జాక్ అండ్రేకా 1997లో అమెరికాలో పుట్టాడు. మేరీలాండ్ రాష్ట్రములోని క్రౌన్స్‌విల్ అతని ఊరు. అతనికి సుమారు పదమూడేండ్ల వయస్సులో, ఆ కుటుంబమునకు మిక్కిలి దగ్గరివాడు, అతడు సొంత మామయ్యవలె ఎంచుకొన్న ఒక వ్యక్తి, క్లోమ క్యాన్సరుతో చనిపోయాడు. క్లోమము అంటే ఏమిటో కూడ అప్పటికి తనకు తెలియదని జాక్ తరువాత చెప్పుకొన్నాడు. దుఃఖము ప్రతి ఇంటికి వస్తుంది. ఈ పిల్లవాడు ఆ దుఃఖములోనుండి ఒక ప్రశ్న తీశాడు: "ఈ రోగము ఇంత ఆలస్యముగా ఎందుకు బయటపడుతుంది?"

మనము కూడ ఆ అవయవమేదో తెలిసికొందము. క్లోమము మన కడుపులో జీర్ణాశయమునకు వెనుక, వెన్నెముక ముందర దాగియుండే ఒక గ్రంథి. అన్నము అరుగుటకు కావలసిన రసము అందులో తయారవుతుంది. చక్కెరను అదుపులో ఉంచే ఇన్సులిన్ కూడ అక్కడిదే. లోతుగా ఉన్నందున అక్కడ గడ్డ లేచినా చేతికి తగలదు. తొలి దినములలో నొప్పి ఉండదు. తెలిసేసరికి చాలమందిలో ప్రక్క అవయవములకు పాకియుంటుంది. అమెరికావంటి సంపన్న దేశములోనే, ఈ రోగమని తేలినవారిలో అయిదు సంవత్సరములు బ్రదికేవారు వందకు సుమారు పదముగ్గురు మాత్రమే. జాక్ ఈ పని మొదలుపెట్టిన కాలములో ఆ లెక్క వందకు ఆరుగురు.

ఈ అబ్బాయి యొద్ద ఉన్న సాధనములు ఏమిటి? ఇంటిలోని కంప్యూటరు, ఇంటర్నెట్టు. పెద్ద శాస్త్ర పత్రికలలోని వ్యాసములు అనేకము డబ్బు కట్టనిదే చదువనియ్యవు. ఆ అడ్డు తనకు ఎంత కష్టమైనదో తరువాత అతడు పలు వేదికలపై చెప్పాడు. అయినను ఉచితముగా దొరికినవాటిని చదివాడు. క్లోమ క్యాన్సరు ఉన్నవారి రక్తములో కనబడే ప్రోటీనుల పట్టిక ఒకటి దొరికింది. అందులో ఎనిమిది వేల పేర్లు. ఒక్కొక్కదానిని చూచుచు పోయాడు. నాలుగు వేలవది వచ్చేసరికి తనకు పనికివచ్చునని తోచిన ఒక ప్రోటీను కనబడిందట. దాని పేరు మెసోథెలిన్. మన పిల్లలకు పట్టికలోని నలభై పేర్లు చదువమంటేనే విసుగు గదా.

ప్రోటీను దొరికింది. దానిని రక్తములో పట్టుకొనే మార్గమేమి? ఆ సమాధానము తరగతి గదిలో, కొంచెము అల్లరిగా వచ్చింది. ఒక దినమున జీవశాస్త్రపు పాఠము జరుగుచుండగా జాక్ బల్లక్రింద పెట్టుకొని వేరే వ్యాసము చదువుచున్నాడు. అది కార్బన్ నానో గొట్టములను గూర్చినది. అవి మన తలవెంట్రుక మందములో యాభై వేల వంతు మాత్రమే ఉండే బొగ్గుజాతి గొట్టములు. వాటిగుండా కరెంటు చక్కగా పారుతుంది. పైన ఉపాధ్యాయురాలు చెప్పుచున్న పాఠము యాంటీబాడీలను గూర్చి. యాంటీబాడీ అనగా ఒక తాళమునకు ఒకే తాళపుచెవి అన్నట్టు, తనకు తగిన ఒక ప్రోటీనును మాత్రమే పట్టుకొనే పదార్థము. చెవిలో ఒకటి, కంటిముందు ఒకటి. రెండును కలిపితే ఎట్లుండునని అతనికి తోచింది. ఇంతలో ఉపాధ్యాయురాలు వచ్చి ఆ కాగితములు లాగుకొని మందలించింది. ఎంతో బ్రతిమాలుకొంటే గాని తిరిగి ఇయ్యలేదట.

ఆలోచన ఇది. నానో గొట్టములను, మెసోథెలిన్‌ను పట్టుకొనే యాంటీబాడీలను కలిపి ఒక వడపోత కాగితమునకు పూయాలి. గొట్టములు ఒకదానికొకటి ఆనుకొని ఉన్నంతసేపు కాగితముగుండా కరెంటు సాఫీగా పోతుంది. ఆ కాగితముపై మెసోథెలిన్ ఉన్న చుక్క పడితే యాంటీబాడీలు దానిని పట్టుకొంటాయి. గొట్టములు కొంచెము ఎడమవుతాయి. కరెంటు పారుట కష్టమవుతుంది. ఆ మార్పును కరెంటు పనివారు వాడే మీటరువంటి దానితోనే కొలువవచ్చును. కాగితము ఖర్చు మూడు సెంట్లు, అనగా ఆనాటి లెక్కలో మన రూపాయిన్నర పైచిలుకు. పట్టు సమయము అయిదు నిమిషములు.

అయితే ఆలోచన వేరు, పని వేరు. క్యాన్సరు కణములతో చేయవలసిన పనిని ఇంటి వంటగదిలో చేయరాదు. ప్రయోగశాల కావాలి; అనుభవముగల పెద్దల చేయి కావాలి. జాక్ తన పథకమును, ఖర్చును, పట్టు కాలమును వివరముగా వ్రాసి జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయములోను, అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలలోను ఉన్న రెండు వందలమంది ఆచార్యులకు ఈమెయిలు పంపాడు. తిరస్కారములు రావడము మొదలైంది. ఒక ఆచార్యుడైతే పథకములోని ఒక్కొక్క మెట్టును తీసికొని ఇది ఎందుకు పనికిరాదో వరుసగా వ్రాశాడట. మొత్తము 199 మంది కాదన్నారు. ఒక్కరు మాత్రము రమ్మన్నారు. ఆయన మన దేశమునుండి వెళ్లి జాన్స్ హాప్కిన్స్‌లో పనిచేయుచుండిన క్యాన్సరు శాస్త్రజ్ఞుడు డాక్టరు అనిర్బన్ మైత్రా.

ఇక్కడ తలిదండ్రులు ఒక నిమిషము ఆగవలెను. మన బిడ్డకు మూడు చోట్ల కాదంటే "మనకెందుకురా ఇవన్నీ" అని మనమే వెనుకకు లాగుతాము. 199 సార్లు కాదనిపించుకొనుట ఆ పిల్లవానికి సంతోషము కలిగించి ఉండదు. అయితే ఇంటివారు అతని పుస్తకములు మూయించలేదు. తప్పులు చూపిస్తూ వ్రాసిన ఆ ఆచార్యుని ఉత్తరము కూడ పాఠమే. ఏ మెట్టు బలహీనమో తెలిపే ఉత్తరము, ఉత్తినే శభాష్ అనే ఉత్తరముకన్న ఎక్కువ పనికివస్తుంది.

ప్రయోగశాలలోనికి వెళ్లిన తరువాత ఏడు నెలలు పట్టింది. బడి విడిచిన తరువాతి సాయంత్రములు, సెలవు దినములు అందులోనే గడిచినవి. తాను వ్రాసికొన్న పథకము ఎన్నిచోట్ల చిల్లులు పడియున్నదో అక్కడికి వెళ్లాకే తెలిసిందని జాక్ చెప్పాడు. ఒక్కొక్క చిల్లును పూడ్చుచు వచ్చాడు. 2012 మే నెలలో పిట్స్‌బర్గ్ నగరమున జరిగిన అంతర్జాతీయ విద్యార్థి విజ్ఞాన ప్రదర్శనకు సుమారు డెబ్బది దేశములనుండి పదిహేనువందలమందికి పైగా విద్యార్థులు వచ్చారు. అందులో మొదటి బహుమానము, 75,000 డాలర్లు, పదిహేనేండ్ల జాక్‌కు వచ్చింది. ఆనాటి లెక్కలో సుమారు నలభై లక్షల రూపాయలు. 2013 ఫిబ్రవరిలో అమెరికా అధ్యక్షుని వార్షిక ప్రసంగమునకు అతనిని అతిథిగా పిలిచారు. ఈ కొత్త పరీక్ష పాతదానికంటె 168 రెట్లు వేగము, 26,000 రెట్లకు పైగా చవక, 400 రెట్లు సున్నితము అనే అంకెలు పత్రికలన్నిటిలో వచ్చినవి.

ఇంతవరకు చప్పట్ల కథ. ఇక రెండవ కథ వినండి.

శాస్త్రలోకములో ఒక కట్టుబాటు ఉన్నది. ఎవరు ఏమి కనుగొన్నా, చేసిన పనినంతటిని విడమరచి వ్రాసి ఒక శాస్త్ర పత్రికకు పంపాలి. ఆ విషయము తెలిసిన ఇతరులు దానిని పరీక్షించి ప్రశ్నలు వేస్తారు. అచ్చయిన తరువాత మరొకరు తమ ప్రయోగశాలలో అదే పని చేసి చూస్తారు. వారికి కూడ అదే ఫలితము వచ్చినప్పుడే అది నిలుస్తుంది. జాక్‌కు బహుమానము వచ్చేనాటికి అతని పని ఈ జల్లెడలోనుండి వెళ్లలేదు. 2014 జనవరిలో ఫోర్బ్స్ పత్రికలో ఈ సంగతిపై ఒక వ్యాసము వచ్చింది. ఆ వ్యాసకర్త జాక్ వ్రాసిన చిత్తుప్రతిని నిపుణులకు చూపించాడు. హైస్కూలు విద్యార్థి చేసిన పనిగా ఇది మెచ్చుకొనదగినదే. అయితే పత్రికలు చెప్పినంత పెద్ద మార్పు అని అనుటకు ఆధారము చాలదని వారి అభిప్రాయము.

వారు చూపిన సంగతులు మనకు కూడ అర్థమయ్యేవే. మొదటిది, మెసోథెలిన్ క్లోమ క్యాన్సరుకు మాత్రమే చెందిన గుర్తు కాదు. అండాశయపు క్యాన్సరులోను, ఊపిరితిత్తుల పైపొర క్యాన్సరులోను అది పెరుగుతుంది. ఆరోగ్యవంతుల శరీరములో కూడ కొంత ఉంటుంది. రెండవది, నానో గొట్టములు పూసిన కాగితము పూర్తిగా కొత్త తలంపు కాదు. త్రాగునీటిలోని ఒక విషమును పట్టుటకు మిషిగన్ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు 2009లోనే అట్టి కాగితము చేసి ప్రచురించారు. మూడవది, ప్రయోగశాలలో కొద్ది నమూనాలపై పనిచేసినది వేలమంది రక్తముపై అట్లే పనిచేస్తుందని చెప్పలేము.

వీటికి తోడు ఒక లెక్క ఉన్నది. అది పదవ తరగతి పిల్లవాడు చేయగలడు. అమెరికాలో లక్షమందిలో ఒక సంవత్సరమునకు సుమారు పదముగ్గురికి క్లోమ క్యాన్సరు వస్తుంది. మన దేశములో అంతకంటె తక్కువ. ఇప్పుడు ఒక పరీక్ష ఉన్నదనుకొందము. రోగులలో ఒక్కరినికూడ అది తప్పిపోనియ్యదు. ఆరోగ్యవంతులలో మాత్రము వందకు ఒక్కరి విషయములో పొరపాటు పడుతుంది. వినుటకు ఎంతో మంచి పరీక్ష! దానిని లక్షమందికి చేయించితే ఏమవుతుంది? రోగులు పదముగ్గురు దొరుకుతారు. వారితోకూడ ఏ రోగము లేని సుమారు వెయ్యిమందికి "నీకు క్యాన్సరు ఉండవచ్చును" అనే కబురు వెళుతుంది. అనగా కబురు అందిన డెబ్బది ఎనిమిదిమందిలో ఒక్కరికే నిజముగా రోగమున్నది. మిగిలిన డెబ్బది ఏడుగురు స్కానింగులకు, సూదులకు, నిద్రలేని రాత్రులకు లోనవుతారు. మన పల్లెలలోనైతే పొలము తాకట్టు పెట్టుకొంటారు. ఈ కారణములవలననే ఏ లక్షణము లేనివారందరికి క్లోమ క్యాన్సరు పరీక్ష చేయరాదని అమెరికాలోని నిపుణుల సంఘము 2019లో మరల చెప్పింది.

జాక్ మోసము చేశాడని మేము అనుట లేదు. అతడు నిజముగా చదివాడు, నిజముగా పనిచేశాడు. ఇది మొదటి మెట్టు మాత్రమేనని, రోగుల యొద్దకు చేరుటకు ఏండ్లు పట్టునని అతడు కూడ చెప్పాడు. ఆ మాట చిన్న అక్షరములలో పడింది, బహుమానము పెద్ద అక్షరములలో పడింది. ఇన్నేండ్లు గడిచినను ఆ కాగితపు పరీక్ష ఏ ఆసుపత్రిలోను రోగులకు అందుబాటులోనికి రాలేదు.

ఈ సంగతి మాకు దూరదేశపు వార్తగా ఉండిపోలేదు. కొన్ని సంవత్సరముల క్రిందట మాకు తెలిసిన ఒక కుటుంబములోని యౌవనుడు ఆరాధన ముగిసిన తరువాత మా యొద్దకు వచ్చాడు. తండ్రికి కొన్ని వారములనుండి కడుపులో నొప్పి వెన్నులోనికి ప్రాకుచున్నది, మనిషి చిక్కిపోయాడు, కండ్లు పచ్చబడినవి. ఆ కుమారుడు ఫోనులో జాక్ కథ చూచాడు. "అయ్యగారూ, రెండు రూపాయలకే క్యాన్సరు తేల్చే కాగితముందట. హైదరాబాదులో ఎక్కడ దొరుకుతుందో కనుక్కోండి. అది తెచ్చి చూచుకొన్నాకే పెద్దాసుపత్రికి వెళ్దామని నాన్న అంటున్నాడు" అన్నాడు. అట్టి కాగితము ఎక్కడను లేదని, కండ్లు పచ్చబడిన మనిషి ఒక్క దినము కూడ ఆగకూడదని చెప్పి, మరుసటి ఉదయమే బస్సు ఎక్కించాము. అక్కడ తేలినదేమిటో ఆ కుటుంబపు సొంత సంగతి గనుక ఇక్కడ వ్రాయుట లేదు. పదిహేను దినములు ఒక కాగితము కొరకు కనిపెట్టుకొని కూర్చున్నారు. ఏ చెడ్డ తలంపు లేకుండ పంపబడిన ఒక వార్త అంత పని చేసింది.

గనుక చదువరులారా, కామెర్లు, రంగు మారిన మూత్రము, తెల్లబారిన మలము, కారణము లేకుండ బరువు తగ్గుట, వెన్నులోనికి పోయే పైకడుపు నొప్పి, పెద్ద వయస్సులో హఠాత్తుగా వచ్చిన చక్కెర వ్యాధి, వీటిలో ఏది కనబడినను వెంటనే వైద్యుని యొద్దకు వెళ్లండి. అది క్యాన్సరే కానక్కరలేదు. పిత్తాశయములో రాళ్లు కావచ్చును, మరొకటి కావచ్చును. తేల్చవలసినది స్కానింగు, వైద్యుడు. పొగాకు మానుట ఈ రోగపు అపాయమును తగ్గించే మార్గములలో మన చేతిలో ఉన్నది. చుట్ట, బీడీ మానమని ఇంటి పెద్దలకు పిల్లలు చెప్పవచ్చును.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాము. కాగితము ఆసుపత్రికి రాలేదు గదా, మరి ఆ అబ్బాయికి దొరికినదేమి? బహుమానపు సొమ్ము ఖర్చయిపోతుంది. చప్పట్లు ఆగిపోతాయి. ఒక పని ఎట్లు మొదలుపెట్టవలెనో, కాదన్నవారి మాటలోని నిజమును ఎట్లు ఏరుకొనవలెనో, ఎన్ని నెలలు ఓర్చుకొనవలెనో అతనికి తెలిసింది. అన్నిటికంటె ముఖ్యముగా, "నాకు తోచింది" అనుటకును "తేలింది" అనుటకును నడుమ ఎంత దూరమున్నదో లోకమందరి ఎదుట నేర్చుకొనవలసి వచ్చింది. చిన్న వయస్సులో అది కష్టమైన పాఠమే. అతడు చదువు మానలేదు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయములో చేరాడు. 2018లో ప్రజాసేవ చేయదలచిన విద్యార్థులకిచ్చే ట్రూమన్ విద్యార్థి వేతనము పొందాడు.

ఇట్టి పని మన ఇండ్ల బిడ్డలకు అందనిది అనుకొనవద్దు. చేబ్రోలు అనే ఇంటిపేరు మనవారికి కొత్త కాదు. అనికా చేబ్రోలు అనే పదునాలుగేండ్ల అమ్మాయి అమెరికాలో టెక్సాస్ రాష్ట్రపు ఫ్రిస్కో పట్టణమునుండి 2020లో త్రీఎం సంస్థవారి యువ శాస్త్రజ్ఞుల పోటీలో మొదటి బహుమానముగా 25,000 డాలర్లు గెలిచింది. తనకు ఫ్లూ జ్వరము తీవ్రముగా వచ్చినందున ఆ వైరసును అణచే అణువు కొరకు కంప్యూటరులో వెదకుట మొదలుపెట్టింది. ఇంతలో కరోనా వచ్చింది. వెంటనే కరోనా వైరసు పైనున్న ముండ్లవంటి ప్రోటీనుకు అతుక్కొనే అణువు కొరకు వెదకి ఒకదానిని ఏరింది. చిన్ననాడు ఆమెను సైన్సువైపు నడిపినది రసాయన శాస్త్రము బోధించిన తాతగారట. ఆ అణువు మందు కాలేదు. తాను చేసినది సముద్రములో నీటిబొట్టువంటిదని ఆ అమ్మాయి బహుమానము వచ్చిన దినములలోనే చెప్పింది. ఆ వయస్సులో అంత కొలతగా మాటలాడుట మాకు ఎంతో నచ్చింది.

మరి తెలుగు మీడియములో చదివే బిడ్డ, ప్రయోగశాలకు తాళము వేసియుండే బడిలో చదివే బిడ్డ ఏమి చేయగలడు? మూడు సంగతులు చెప్పుతాము.

మొదటిది, ఒక నోటుపుస్తకము. అందులో తేదీ వేసి, తాను చూచినదానిని చూచినట్టే వ్రాయాలి. ఒక పని చెప్పుతాము. డెంగ్యూ జ్వరము తెచ్చే దోమ మన ఇండ్లలో నిలువ ఉంచిన మంచినీటిలోనే గ్రుడ్లు పెడుతుంది. గ్రుడ్డు దోమగా మారుటకు ఎనిమిది పది దినములు చాలును. అందుకే వారమునకు ఒక దినము నీళ్లన్నీ ఒలకబోసి తొట్లు ఆరబెట్టుమని, శుక్రవారము డ్రై డే అని ఆరోగ్య సిబ్బంది చెప్పుతారు. మీ బిడ్డ ఇంటివారి అనుమతితో నాలుగు మూతవేసిన డ్రమ్ములను, నాలుగు మూతలేని డ్రమ్ములను ఎన్నుకొని, వారమునకు ఒకమారు పైనుండి ఒక గరిటెడు నీరు తీసి, అందులోని దోమపిల్లలను లెక్కించి వ్రాయవచ్చును. లెక్క అయిన తరువాత ఆ నీరు నేలపై పారబోయాలి. పురుగులున్న డ్రమ్మును ఖాళీచేసి తోమాలి. రెండు నెలలు చేసిన తరువాత ఆ లెక్క పంచాయతీవారికి కూడ పనికివస్తుంది. మూతవేసిన డ్రమ్ములో కూడ పురుగులు కనబడితే, "ఉన్నవి" అనే వ్రాయాలి. తాను అనుకొన్నట్టు రాలేదని లెక్క మార్చకూడదు. అట్టి వారములోనే అసలు ప్రశ్న పుట్టుతుంది: మూత సరిగా కూర్చోలేదా? వేసేముందే గ్రుడ్లున్నవా?

రెండవది, దారి తెలిసినవారిని అడుగుట. మన కేంద్ర ప్రభుత్వపు విజ్ఞాన సాంకేతిక శాఖవారి ఇన్‌స్పైర్ మానక్ పథకమున్నది. ఆరవ తరగతి మొదలుకొని విద్యార్థుల సొంత ఆలోచనలను బడివారు ఇంటర్నెట్టు ద్వారా పంపవచ్చును; ఎంపికైన బిడ్డకు నమూనా తయారుచేసికొనుటకు పదివేల రూపాయలు బ్యాంకు ఖాతాలో వేస్తారు. మీ ప్రధానోపాధ్యాయుని, సైన్సు మాస్టారిని అడగండి. ఇంగ్లీషు చదువగల ఇంటరు, డిగ్రీ పిల్లలు అమెరికా ప్రభుత్వ సంస్థ నడిపే పబ్‌మెడ్ సెంట్రల్‌లో వైద్య వ్యాసములను ఉచితముగా చదువవచ్చును. సమీప కళాశాలలోని అధ్యాపకునికి ఉత్తరము వ్రాయుటకు సిగ్గుపడనక్కరలేదు.

మూడవది తలిదండ్రులకు. సైన్సు ఫెయిరు వచ్చినప్పుడు బజారులో అట్టముక్కల నమూనా కొని బిడ్డ చేతికిచ్చి పంపవద్దు. కొన్న నమూనాతో వచ్చిన బహుమానము బిడ్డకు ఒకే సంగతి నేర్పుతుంది. అది మంచి సంగతి కాదు. రక్తముతోను, రోగక్రిములతోను, ఆమ్లములతోను ఇంటిలో ప్రయోగములు చేయనియ్యవద్దు. జాక్ వెళ్లిన పోటీలో కూడ ఇంటిలో సూక్ష్మక్రిములను పెంచుటకు అనుమతి లేదు.

ఇంకొక మాట వ్రాసి ముగిస్తాము. ఫలానా ఊరి పిల్లవాడు క్యాన్సరుకు మందు కనుగొన్నాడని, ఫలానా ఆకు రసముతో చక్కెర వ్యాధి పోయిందని మీ ఫోనుకు వార్త వస్తుంది. పంచిపెట్టే ముందు మూడు ప్రశ్నలు అడగండి. ఇది ఎంతమంది రోగులపై చూచారు? వేరొకరు చేసి చూచారా? ఇప్పుడు ఏ ఆసుపత్రిలో ఇస్తున్నారు? జవాబు దొరకకపోతే, ఆ పిల్లవానిని మెచ్చుకొనండి. రోగముతో ఉన్నవారికి మాత్రము ఆ వార్త పంపకండి. మీ ప్రక్కన కూర్చున్న బిడ్డతో కలిసి ఆ మూడు ప్రశ్నలు అడిగితే ఇంకా మంచిది. "నాకు తెలియదు, కనుక్కొందము రా" అని తండ్రి ఒక సాయంత్రము అంటే, ఆ ఇంటిలో పరిశోధన ఆ సాయంత్రమే మొదలైనట్టు.

ఈ వేసవిలో మీ పిల్లలు నోటుపుస్తకములో వ్రాసినవి మాకు పంపండి. అంకెలు చిన్నవైనా సరే, చూచినవి చూచినట్టు ఉంటే చాలును.